సవరణ: చలికి ఎండిన లాన్ పీకేయకండి

కోరాపుట్, సునాబెడ వైపు ఇళ్ల ముందు లాన్ల గురించి కిందటి పోస్టులో, "ఫిబ్రవరికి గోధుమరంగు తిరిగిన గడ్డి చచ్చినట్టే, పీకేసి కొత్తది పరచండి, లేదంటే యూరియా చల్లండి" అని ఉంది. ఆ రెండూ చేయకండి.

గరిక, జోయ్సియా లాంటివి వేడిని కోరే జాతులు. సుమారు 900 మీటర్ల ఎత్తున్న ఈ కొండల మీద డిసెంబరు, జనవరి రాత్రుల చలికి పైన ఎండిపోయి, కింద నిద్రలో ఉంటాయి. నేల వేడి 18 డిగ్రీల దాకా వచ్చి కొన్నాళ్లు నిలబడితేగానీ చిగురు జోరందుకోదు. కింద రాయగడలో చుట్టాలింటి లాన్ పచ్చబడిందని టెన్షన్ పడక్కర్లేదు.

నేలకి ఆనుకున్న తీగ ఒకటి గోటితో గీరి చూడండి. లోపల తెల్లగా, గట్టిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. పొడిపొడిగా రాలినా, మెత్తగా కుళ్లినా ఆ ముక్క పోయినట్టు. చెట్టు నీడలోనూ, అందరూ తొక్కే దారిలోనూ ఇలా ఎక్కువగా పోతుంది. కొత్త ముక్కలు అక్కడ మాత్రమే నాటండి.

యూరియా లాన్ సగానికి పైగా పచ్చబడ్డాకే, అదీ కొద్దిగా. ముందే చల్లితే బలమంతా కలుపుకే.