నీటి శాంపిళ్ళ దగ్గరే ఆగిపోతున్న ఇంజినీర్లు

ఉద్యోగంలో చేరిన మొదటి వారం పటాన్‌చెరు వైపు ఒక ఊళ్ళో పొలం బోరు దగ్గర నీటి శాంపిల్ పట్టాను. మోటారు వేయగానే సీసా పెట్టి నింపేశాను. పక్కనున్న సీనియర్ ఏమీ అనకుండా సీసా తీసుకుని గట్టు మీద పారబోశారు. 'అవి పైపులో నిలవున్న నీళ్ళు. భూమిలో నీళ్ళు ఇంకా రాలేదు' అన్నారు. అయిదు నిమిషాలకోసారి ఈసీ మీటరు (నీటి విద్యుత్ వాహకత కొలిచేది) ముంచుతూ, వరుసగా మూడు రీడింగులు ఒక్కలా వచ్చేదాకా ఎండలో నిలబడ్డాం. సాల్వెంట్ల (పరిశ్రమలు వాడే, ఇట్టే ఆవిరయ్యే ద్రావకాల) పరీక్షకు పంపే చిన్న సీసాలతో ఇంకో తంటా. అంచుదాకా పట్టి, మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తడితే లోపల చిన్న బుడగ కూడా కనపడకూడదు. బుడగ ఉంటే ఆవిరయ్యే రసాయనం నీటిని వదిలి అందులోకి చేరుతుంది, ల్యాబ్‌లో అంకె తక్కువ చూపిస్తుంది. ఆ రోజు నా చేతిలో ఆరు సీసాలు పాడయ్యాయి. ముప్పావుగంట మోటారు నడవనిచ్చిన రైతు చివర్లో ఒక్కటే అడిగాడు: 'ఈసారన్నా మాకు రిపోర్టు జూపిస్తరా బిడ్డా?'

మాకంటే ముందు ఎంతమంది వచ్చి పట్టుకెళ్ళారో ఆ 'ఈసారన్నా'లోనే తెలిసిపోయింది.

సీసా ఎలా పట్టాలో కాలేజీలో చెప్పలేదని నాకు ఫిర్యాదేం లేదు. చేతి పని చేస్తేనే వస్తుంది. నా ఫిర్యాదు వేరు. రెండేళ్ళు శాంపిళ్ళు పట్టాను, రిపోర్టులు రాశాను, మ్యాపుల మీద ఎర్ర రంగు, పసుపు రంగు పూశాను. పాడైన నేలనో నీటినో బాగుచేయడం మాత్రం ఒక్క రోజూ చూడలేదు. విజిటింగ్ కార్డు మీద 'రెమెడియేషన్ ఇంజినీర్', అంటే కాలుష్యాన్ని శుద్ధి చేసే ఇంజినీర్ అని ఉండేది, అదొక్కటే.

ఇది నా ఒక్కడి కథ కాదనడానికి రెండు అంకెలు చాలు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 103 కలుషిత స్థలాలను గుర్తించింది. 2025 జులైలో ఇలాంటి స్థలాల మీద కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చేనాటికి శుద్ధి పని మొదలైంది 7 చోట్లే. పటాన్‌చెరు సంగతే చూడండి. అక్కడి కాలుష్యం మీద సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది 1990లో. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి మందుల కంపెనీల వ్యర్థజలాల శుద్ధి కేంద్రం వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని తేల్చారు. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ప్రపంచమంతా చదివిన పరిశోధన అది. కొలిచేవాళ్ళకు మనకు ఏనాడూ కొదవ లేదు.

కొలిచినవాడికి బాగుచేయడం కూడా వస్తుందనుకుంటే పొరపాటు. భూగర్భ జలాన్ని పైకి తోడి శుద్ధి చేసే పద్ధతినే తీసుకోండి. మోటార్లు నడిచినన్నాళ్ళూ అంకెలు చక్కగా తగ్గుతాయి. గ్రాఫు చూసి అందరూ సంతోషిస్తారు. మోటార్లు ఆపిన కొన్ని నెలలకు అవే అంకెలు మళ్ళీ లేస్తాయి. బంకమట్టి పొరల్లో ఏళ్ళ తరబడి ఇంకిన రసాయనం మెల్లగా బయటికి ఊరుతూ ఉంటుంది మరి. పుస్తకంలో దీనికి ఒక పేరా ఉంటుంది. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మళ్ళీ వేయాలో తెలియాలంటే మాత్రం ఒకే సైట్‌లో మూడు నాలుగేళ్ళు ఉండాలి. మన దగ్గర కన్సల్టెన్సీ కాంట్రాక్టు రిపోర్టు ఇవ్వగానే ముగుస్తుంది. కుర్రవాడు ఇంకో ఊరికి, ఇంకో బోరు దగ్గరికి.

అమెరికాలో ఎంఎస్ చేసి న్యూజెర్సీలో ఇదే పని చేస్తున్న మిత్రుడు ఒకడున్నాడు. అక్కడ కూడా మొదటి రెండేళ్ళు సీసాలే. కాకపోతే సైట్‌లో అడుగు పెట్టడానికి ముందే 40 గంటల భద్రతా శిక్షణ, ఆపైన 3 రోజులు అనుభవజ్ఞుడి పర్యవేక్షణలో పని తప్పనిసరి. నాకు ఇచ్చింది ఒక మాస్కు, ఒక జత గ్లౌజులు. అంతకంటే నాకు అసూయ కలిగించేది వేరే ఉంది. కలుషిత స్థలాలను శుద్ధి చేయించే సూపర్‌ఫండ్ చట్టం అక్కడ 1980లోనే వచ్చింది కాబట్టి వాడికి ముందు అదే సైట్‌లో పనిచేసి తలనెరిసినవాళ్ళున్నారు. తప్పు చేస్తే చెప్పే మనిషి ఉన్నాడు.

మన కొత్త నిబంధనల్లో అనుమానిత స్థలాల జాబితా జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి పంపాలి. ప్రాథమిక పరిశీలనకు 90 రోజులు, పూర్తి సర్వేకు మరో మూడు నెలలు. పాడుచేసినవాళ్ళే ఖర్చు భరించాలి. బాగానే ఉంది. కానీ గడువులు ఎక్కువగా కొలతలకే, ఫలానా తేదీకల్లా నేల శుభ్రం కావాలన్న గడువు లేదు. అంటే వచ్చే అయిదేళ్ళలో సీసాలు పట్టే ఉద్యోగాలు ఇంకా పెరుగుతాయి. శుద్ధి టెండర్లలో మాత్రం 'ఇలాంటి పనిలో ఇన్నేళ్ళ అనుభవం' అని అడుగుతూనే ఉంటారు. 7 చోట్లే శుద్ధి మొదలైన దేశంలో ఆ అనుభవం ఎక్కడ దొరుకుతుంది? విదేశీ నిపుణుడి పేరు కాగితం మీద పెట్టుకుని పని నడిపించడం తప్ప దారి ఉండదు.

అదే టెండర్లో ఇంకో షరతు చేర్చవచ్చు. కొత్తగా చదువు ముగించిన ఇద్దరు ఇంజినీర్లను మొదటి రోజు నుంచి, మోటార్లు ఆపిన తర్వాత ఏడాది దాకా, అదే సైట్‌లో ఉంచాలి. మట్టి తరలించే లారీల డీజిల్ ఖర్చు ముందు వాళ్ళ జీతాలు ఏపాటి?