పులుసులో పడ్డ ప్రాక్టికల్ రౌండు

ప్రపంచ మహాసముద్ర దినోత్సవం జూన్ 8న. ఆ రోజుకి మా భీమిలి వైపు బడులు ఇంకా తెరవరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి సముద్రానికీ అప్పుడు సెలవే. అందుకని హైస్కూలు పిల్లల సముద్ర విజ్ఞాన క్విజ్‌ని ఆగస్టులో పెట్టారు. లెక్కల మాస్టారిని కదా, మార్కులు వేసే పని నాకు తగిలించారు.

మొదట అంతా సాఫీగానే సాగింది. ఆక్టోపస్‌కి గుండెలెన్ని? మూడు. సముద్ర గుర్రాల్లో కడుపు మోసేదెవరు? మగది. ఈ జవాబుకి ఆడపిల్లల చప్పట్లు ఒక పట్టాన ఆగలేదు. ప్రపంచంలో అతి పెద్ద చేప ఏది? టౌను జట్టు కుర్రాడు ధీమాగా "తిమింగలం" అన్నాడు. తిమింగలం అసలు చేపే కాదు, జవాబు వేల్ షార్క్.

"వేల్ అంటే తిమింగలమే కదా సార్, సగం మార్కులివ్వండి" అని బేరం పెట్టాడు.

"సైన్సులో సగం పేరుకి మార్కులుండవు" అని క్విజ్ మాస్టారు తేల్చేశారు. ఆ ముక్క అనకుండా ఉంటే బాగుండేది.

తర్వాతది ప్రాక్టికల్ రౌండు. చేపను చూసి శాస్త్రీయ నామం చెప్పాలి. ల్యాబులో సీసాల్లో ఉన్నవి ఫార్మలిన్‌లో నానీ నానీ అన్నీ ఒకే రంగుకి దిగాయి. అందుకని అటెండరు తెల్లారకముందే విశాఖ ఫిషింగ్ హార్బరుకి వెళ్లి వంజరం, చందువ, కనగుర్తలు తెచ్చాడు. స్టాఫ్‌రూమ్‌లో పెట్టడానికి సోషల్ మేడమ్ ససేమిరా అన్నారు. దాంతో బేసిను మధ్యాహ్న భోజనం షెడ్డుకి చేరింది. "కాస్త వీటి సంగతి చూడమ్మా" అని వంటమ్మకి అప్పజెప్పి వచ్చాడు.

ఆవిడ చూసింది.

రౌండు మొదలయ్యే వేళకి హాల్లోకి చింతపండు పులుసు ఘుమఘుమ ముందొచ్చింది, గిన్నెతో వంటమ్మ వెనకొచ్చింది. "ఏటి మాస్టారూ అలా చూస్తారు? ఐసు కరిగిపోతంది. బయటూరోళ్లొచ్చారు, ఆళ్లకే అనుకున్నాను." తిట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. కొంత న్యాయం, కొంత వాసన.

సర్టిఫికెట్లు అచ్చయిపోయాయి, రౌండు ఎత్తేయడానికి లేదని హెడ్మాస్టారు తీర్పిచ్చారు. జట్టుకో ప్లేటు, ప్లేటుకో ముక్క. క్విజ్ మాస్టారు శుద్ధ శాకాహారి. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ప్రశ్నలడిగారు. ఏ ముక్క ఏ చేపదో చెప్పే పెద్దరికం వంటమ్మకి దక్కింది. టౌను జట్టు ప్లేటులో వంజరం ముక్క పడితే "అపోలో ఫిష్" అన్నారు. ఆవిడ నెత్తి కొట్టుకుంది.

ఊరి జట్టు పిల్ల మాత్రం ముక్క చూసీ చూడగానే "కనగుర్త" అంది.

"ఇంట్లో పిలిచే పేరు కాదమ్మా, శాస్త్రీయ నామం."

"అదే సార్. కనగుర్త."

మాస్టారు నవ్వుతూ కార్డు తిప్పారు. నవ్వు ఆగింది. కార్డు మీద 'రాస్ట్రెల్లిగర్ కనగుర్త' అని ఉంది. 1803లో విశాఖపట్నం చేపల మీద పుస్తకం వేసిన ప్యాట్రిక్ రసెల్ దొర ఇక్కడివాళ్లు చెప్పిన పేర్లే రాసుకున్నాడు. అందులోదే ఈ పేరు, తర్వాత శాస్త్రీయ నామంలోకి ఎక్కింది. రెండు మాటల్లో ఒకటి ఒప్పు కాబట్టి పదికి ఐదు వేశాను.

టౌను కుర్రాడు లేచాడు. "సగం పేరుకి మార్కులుండవన్నారు కదా సార్!"

ఐదు కొట్టేశాను. ఊరివాళ్లు గోల చేస్తే మళ్లీ వేశాను. ఇక టౌను జట్టు మాస్టారు తెల్లకాగితం అడిగి అప్పీలు రాశారు: అది కనగుర్త ముక్కేనని నమ్మకం ఏమిటి, మళ్లీ పరీక్షించాలి.

వంటమ్మ ఖాళీ గిన్నె వంచి చూపించింది. "ముక్కేదీ మాస్టారూ? ఇందాక రెండోసారి అడిగి మరీ ఏయించుకున్నారు గదా!"