1870 చట్టం ఇంగ్లండు బడిని ఉచితం చేయలేదు

"విక్టోరియా రాణి ఏలుబడిలో, 1870లోనే బ్రిటన్ పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య ఇచ్చింది. ఊరూరా సర్కారు బడి కట్టి చర్చి బడులు మూయించింది. అప్పట్లో పరీక్షల గోలే లేదు." ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. ఇందులో సరైనవి రాణి పేరు, చట్టం వచ్చిన సంవత్సరం మాత్రమే.

బ్రిటన్ అనడమే తప్పు. విద్యా వ్యవహారాలు చూసే మంత్రి ఫోర్‌స్టర్ తెచ్చిన 1870 చట్టం ఇంగ్లండు, వేల్సులకే. స్కాట్లండుకు 1872లో వేరే చట్టం వచ్చింది, నిర్బంధ హాజరు మొదటే రాసుకున్నది అందులో.

ఉచితమా? వారం ఫీజు మామూలుగా 9 పెన్నీలు (12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు) దాటనిదే ఎలిమెంటరీ బడి అని ఆ చట్టమే నిర్వచించింది. సోమవారం పొద్దున పిల్లలు చిల్లర పట్టుకుని రావాల్సిందే. పేదలకు మాఫీ చేయడం స్కూలు బోర్డు, అంటే ఊళ్ళో బడులు నడపడానికి ఎన్నికైన మండలి, ఇష్టం. 1891లో తలకు ఏడాదికి 10 షిల్లింగులు సర్కారే ఇవ్వడం మొదలయ్యాక చాలాచోట్ల ఫీజు పోయింది. అప్పటిదాకా అంతకంటే ఎక్కువ తీసుకుంటున్న బడులు మాత్రం మిగతాది వసూలు చేసుకోవచ్చు.

నిర్బంధమూ అంతే. 5 నుంచి 13 ఏళ్ళ పిల్లల్ని బడికి రప్పించే బైలాలు (స్థానిక నియమాలు) పెట్టుకోవచ్చని బోర్డులకు అధికారమిచ్చారు, పెట్టి తీరాలనలేదు. అది తప్పనిసరి అయింది 1880లో. అప్పుడు కూడా పదేళ్ళు నిండి, చెప్పిన స్టాండర్డు (తరగతి స్థాయి) దాటితే పనికి పోవచ్చు. ఆ వయసు 1893లో 11కి, 1899లో 12కి పెరిగింది.

చర్చి బడులు మూతపడకపోగా పెరిగాయి. బోర్డు వచ్చేది సీట్లు చాలని చోట, లేదా పన్ను కట్టేవాళ్ళు అడిగిన చోట. ఖాళీ తామే పూడ్చాలని చర్చిలు 1870 చివరి గడువులోగా భవన గ్రాంట్లకు ఎగబడ్డాయి. 1902 నాటికి బోర్డు బడులు 6 వేల లోపు, చర్చిలవే ఎక్కువగా ఉన్న స్వచ్ఛంద బడులు 14 వేలు. చాలా పల్లెల్లో పాదిరిగారి బడే దిక్కు. అయితే గ్రాంటు కావాలంటే మతపాఠం పూట మొదట్లోనో చివర్లోనో పెట్టి, టైంటేబుల్ గోడకు అందరికీ కనబడేలా అతికించాలి. వద్దనుకున్న తల్లిదండ్రులు బిడ్డను ఆ కాసేపు దూరంగా ఉంచుకోవచ్చు.

ఇక పరీక్షల గోల లేదనడం. అసలు గోలంతా అక్కడే! రాబర్ట్ లో (Lowe) అనే మంత్రి 1862లో తెచ్చిన సవరించిన కోడ్ (బడి గ్రాంట్ల నియమావళి) ప్రకారం బిడ్డ మీద బడికి 12 షిల్లింగుల దాకా వచ్చేది. 4 హాజరుకు, 8 పరీక్షకు. చదవడం, రాయడం, లెక్కలు: ఒక్కోదానికి 2 షిల్లింగుల 8 పెన్నీలు. 200 పూటలకు పైగా వచ్చినవాళ్ళకే పరీక్ష. యాభైమంది లెక్కల్లో తప్పితే బడికి 6 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు గోవిందా. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బిడ్డకు జ్వరమొస్తే 8 షిల్లింగులూ పోయినట్టే.

ఒకటో స్టాండర్డులో పలకమీద 20 దాకా అంకెలు వేయాలి, ఆరో స్టాండర్డులో పత్రికలో ఒక పేరా చదవాలి. దీంతో టీచర్లు వాచకాన్ని బట్టీ పట్టించారు. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా పిల్లలు గడగడా అప్పజెప్పేవాళ్ళని ఆనాడే ఫిర్యాదు. డబ్బు రాలని చరిత్ర, భూగోళం మూలన పడ్డాయి. ఇన్‌స్పెక్టరైన కవి మాథ్యూ ఆర్నాల్డే దీన్ని తిట్టిపోశాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో వీధి బడులకూ ఇదే వరసలో ఫలితాల గ్రాంటు దిగింది. ఇంగ్లండులో ఇది వదిలింది 1890లలో.

ఏ ఊళ్ళో ఏం జరిగిందో తేల్చుకోవాలంటే ఆ బడి లాగ్‌బుక్కు తీయాలి. కనీసం వారానికోసారి ప్రధానోపాధ్యాయుడు రాయాలని, సొంత అభిప్రాయాలు రాయొద్దని కోడ్ నియమం. అందుకే అందులో ఎక్కువగా కనబడేవి కోతల రోజుల్లో ఖాళీ బెంచీలు, తట్టు, వాన, ఇన్‌స్పెక్టరు రిపోర్టు.