రెండో ర్యాంకు బాబ్ డిలన్

అమెరికా గాయకుడు, పాటల రచయిత బాబ్ డిలన్ గొప్పవాడని అందరూ అంటుంటే విని విని, అసలు సంగతేంటని ఒకసారి మార్కుల మెమో తీసి చూశాను. మనసు చివుక్కుమంది. అమెరికాలో పాటల ర్యాంకులు తేల్చే బిల్‌బోర్డ్ హాట్ 100లో ఈ పెద్దమనిషి సొంతంగా పాడి ఒక్కసారి కూడా ఫస్టు రాలేదు. అరవై ఏళ్ల సర్వీసులో రెండుసార్లు రెండో ర్యాంకు. అంతే.

మొదటిసారి 1965లో. 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' రెండో స్థానం దాకా ఎక్కి ఆగిపోయింది. పైమెట్టు మీద బీటిల్స్ బృందం పాట 'హెల్ప్!' కదలకుండా కూర్చుంది. తప్పెవరిది? రేడియోవాళ్లు మూడు నిమిషాలకే గడియారం చూసుకునే రోజుల్లో ఈయన ఆరు నిమిషాలు దాటించాడు. అడిషనల్ షీట్లు తీసుకున్నంత మాత్రాన మార్కులు పడతాయా?

పాట వచ్చిన ఐదు రోజులకే న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో కరెంటు గిటారు పట్టుకుని ఎక్కాడు. మామూలు గిటారుకు అలవాటుపడ్డ జనం గోల చేశారు. గిటారు చూసి చేశారా, సౌండ్ బాగోలేక చేశారా అన్నది ఇప్పటికీ తెగని తగువు.

అదే ఏడాది ఆయన 'మిస్టర్ టాంబరిన్ మ్యాన్'ని బర్డ్స్ బృందం తీసుకుని, నాలుగు చరణాల్లో మూడు పీకేసి, రెండున్నర నిమిషాల్లో ముగించి నంబర్ వన్ కొట్టేసింది. గైడ్ చదివినవాళ్లకు ఫస్టు, టెక్స్ట్‌బుక్ రాసినాయనకు సెకండు. ఇందులో అన్యాయమేముంది? మన ఇళ్లలో ఏటా చూసేదేగా.

2016లో పాపం అనుకున్నారో ఏమో, సాహిత్యంలో నోబెల్ ఇచ్చారు. ఫోన్లు చేస్తే దొరకలేదు. వేరే పనులున్నాయని వేడుకకు పోలేదు. ఆయన బదులు గాయని ప్యాటీ స్మిత్ వెళ్లి, ఆయన పాట పాడుతూ మధ్యలో తడబడి, సారీ చెప్పి మళ్లీ అందుకుంది. ఉపన్యాసం ఇస్తేనే 80 లక్షల స్వీడిష్ క్రోనర్ల బహుమతి డబ్బు చేతికొస్తుందన్నారు గనక, గడువు ఇంకో నాలుగైదు రోజులుందనగా రికార్డు చేసి పంపాడు. ఫీజు గడువు ముంచుకొచ్చాక పరిగెత్తే మనలాంటివాడే అని, ఈ ఒక్క విషయంలో నాకు ఆయనంటే అభిమానం.

ఎట్టకేలకు 2020 ఏప్రిల్‌లో ఫస్టు వచ్చాడు. హాట్ 100లో కాదు లెండి, రాక్ డిజిటల్ సాంగ్ సేల్స్ అనే చిన్న చార్టులో. అప్పటికి వయసు 78. లాంగ్ టర్మ్ కోచింగులో కూడా ఇంత లాంగ్ నేను చూడలేదు. పోనీ ఇన్నేళ్లకు బుద్ధొచ్చి పాట కుదించాడా అంటే, కెనెడీ హత్య మీద పాడిన ఆ పాట నిడివి దాదాపు 17 నిమిషాలు.