అందరికీ ఒకే కారు: సమానత్వానికి కాపలా కాస్తున్నది వ్యాపారమే

ఆస్ట్రేలియాలో కార్ల రేసింగ్ అంటే దశాబ్దాలపాటు ఫోర్డ్, హోల్డెన్ కంపెనీల పోరే. హోల్డెన్ బ్రాండు 2020లో మూతపడటంతో, 2023 నుంచి ఆ స్థానంలోకి షెవ్రొలే కమారో వచ్చింది. ఆ దేశపు అగ్రశ్రేణి కార్ల పోటీ సూపర్‌కార్స్‌లో ఆ ఏడాది సీజన్ పొడవునా ట్రాక్ మీది పోటీని మించి నలిగిన ప్రశ్న ఒకటుంది. ఫోర్డ్ మస్టాంగ్‌కూ కమారోకూ మధ్య నిర్వాహకులు చెబుతున్న సమానత్వం నిజంగా ఉందా? లేదన్నది ఫోర్డ్ పక్షం వాదన. సీజన్ మధ్యలో మస్టాంగ్ ఆకృతిలో మార్పులకు అనుమతిచ్చినా వివాదం చల్లారలేదు. చివరకు రెండు కార్లనూ అమెరికాకు తీసుకెళ్లి విండ్ టన్నెల్‌లో, అంటే వేగంగా గాలి వీచే సొరంగంలో పరీక్షించాల్సి వచ్చింది.

అదే ఏడాది పోర్షె కంపెనీ కార్లు మాత్రమే పరుగెత్తే పోర్షె కరేరా కప్ ఆస్ట్రేలియా కూడా జరిగింది. బాథర్స్ట్, గోల్డ్ కోస్ట్, అడిలైడ్ వంటి చోట్ల సూపర్‌కార్స్ రేసులకు ముందో వెనకో, అదే ట్రాక్ మీద, అదే ప్రేక్షకుల ముందు ఈ రేసులు నడిచాయి. ఇందులో గ్రిడ్ (రేసు మొదలయ్యేటప్పుడు కార్లు నిలిచే వరుసలు) మీద నిలిచిన ప్రతి కారూ 992 తరానికి చెందిన 911 జీటీ3 కప్. వెనక భాగంలో 4.0 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, సుమారు 510 హార్స్‌పవర్, 1,260 కిలోల బరువు, ఆరు గేర్ల సీక్వెన్షియల్ గేర్‌బాక్స్. ఇంజిన్‌కు కంపెనీ సీలు వేసి ఇస్తుంది. దాన్ని విప్పే అధికారం జట్టు మెకానిక్‌కు ఉండదు. టైర్లు అందరికీ ఒకటే, వాటి సంఖ్యకూ లెక్కుంటుంది. వెనక వింగ్ కోణం, టైర్లలో గాలి, మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్లు, చక్రాల వంపు లాంటి కొద్దిపాటి సర్దుబాట్లు మాత్రమే జట్టు చేతిలో మిగులుతాయి. ఆడలేక మద్దెల ఓడు అనే వీలు లేకుండా చేసిన పోటీ ఇది.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన విద్యుత్ కార్ల పోటీ ‘ఫార్ములా ఈ’ రేసు చూసిన హైదరాబాదీలు అక్కడి కార్లన్నీ ఒకే రూపంలో ఉండటం గమనించే ఉంటారు. అయితే ఛాసిస్, బ్యాటరీ అందరికీ ఒకటే అయినా మోటారు, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ మాత్రం ఏ కంపెనీవి ఆ కంపెనీవే. అది సగం దారి. కరేరా కప్ పూర్తి దారి.

ఈ పూర్తి దారిలో సమానత్వం ఇంత గట్టిగా నిలవడానికి క్రీడాస్ఫూర్తిని కారణంగా చెప్పడం రివాజు. నాకది సగం నిజంగానే కనిపిస్తుంది. రెండు మూడు కంపెనీలు తలపడే పోటీలో ప్రతి కంపెనీకీ గెలుపు కావాలి, అందుకోసం నియమాల్లో సందు వెతుకుతుంది. ఒకే కంపెనీ కార్లు పరుగెత్తే పోటీలో ఆ కంపెనీకి ఓటమి అన్నదే లేదు. ఎవరు గెలిచినా బోర్డు మీద పడేది దాని పేరే. ఇక ముందు వరుసలో ఉన్నవాడూ, చివరి వరుసలో ఉన్నవాడూ దానికి సమానంగా డబ్బు చెల్లించిన ఖాతాదారులే. 992 తరం కప్ కారును విడుదల చేసినప్పుడు దాని ధర పన్నులు కాకుండా 2,25,000 యూరోలు. అంత డబ్బు పెట్టి కొన్న వ్యక్తికి పక్కవాడి ఇంజిన్ పది హార్స్‌పవర్ ఎక్కువ ఇస్తోందన్న అనుమానం వస్తే, మరుసటి ఏడాది అతడు ఇంకో కంపెనీ తలుపు తడతాడు. సీలు వెనక ఉన్న అసలు భయం అదే.

ఈ ఏర్పాటు పుట్టుక కూడా ఇదే చెబుతుంది. పోర్షె 1986లో జర్మనీలో 944 టర్బో కప్ నడిపింది. 1990లో దాని స్థానంలో 911తో కరేరా కప్ మొదలైంది. రోలాండ్ కుస్‌మాల్ అనే ఇంజినీరు కారును సిద్ధం చేయగా, యోస్ట్ కాపిటో పోటీ నిర్వహణకు రూపమిచ్చాడు. ఆనాటి కారు 265 హార్స్‌పవర్‌ది. షోరూములో అమ్మే కారుకంటే శక్తి కొద్దిగానే ఎక్కువ. బరువు తగ్గించి, సస్పెన్షన్ బిగించి ట్రాక్‌కు పంపారు. తొలి ఛాంపియన్ ఒలాఫ్ మాంటే ఆ తర్వాత సొంత జట్టు పెట్టి జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ 24 గంటల రేసును పలుమార్లు గెలిపించాడు. అంటే కంపెనీ ఒక పోటీని పెట్టి, దాని నుంచి కొనుగోలుదారులనూ, డ్రైవర్లనూ, జట్లనూ కూడా తయారుచేసుకుంది.

ఆస్ట్రేలియాకు ఈ పోటీ 2003లో వచ్చింది. ఆ తొలి సీజన్ ఫలితం నాకు ఇప్పటికీ ఆసక్తికరమే. గెలిచింది జిమ్ రిచర్డ్స్. అంతకుముందు ఏడాదే వెయ్యి కిలోమీటర్ల బాథర్స్ట్ 1000 రేసును ఏడోసారి గెలిచిన మనిషి, యాభై అయిదేళ్లు దాటిన వయసు. ఇరవై ఏళ్ల తర్వాత 2023 ఛాంపియన్‌గా నిలిచింది న్యూజిలాండ్ కుర్రాడు క్యాలమ్ హెడ్జ్, అప్పుడప్పుడే ఇరవైల్లోకి అడుగుపెడుతున్నవాడు. ఈ పోటీ వయసును పట్టించుకోదని దీన్నిబట్టి తేల్చేయడం తొందరపాటు అవుతుంది. 2003లో చాలామందికి ఆ కారు కొత్త. ఏళ్ల తరబడి పోర్షెలు నడిపిన రిచర్డ్స్‌కు మాత్రం దాని గుణం ముందే తెలుసు. 2023 నాటికి ఆ రహస్యమంతా డేటాగా మారి ల్యాప్‌టాప్‌లోకి చేరిపోయింది. ముప్పై ఏళ్ల అనుభవం నేర్పేదాన్ని కుర్రాళ్లు ఇప్పుడు సిమ్యులేటర్ ముందు కూర్చుని నేర్చుకుంటున్నారు.

ఇంతకీ ఆ గుణం ఏమిటి? 911లో ఇంజిన్ వెనక చక్రాల ఇరుసుకు కూడా వెనకనే ఉంటుంది. బరువు ఎక్కువగా వెనక ఉండటం వల్ల మలుపు దాటాక వేగం అందుకోవడంలో ఈ కారుకు తిరుగుండదు. మలుపులోకి దిగేటప్పుడు మాత్రం ముందు చక్రాలకు పట్టు చాలదు. బ్రేకు మీద కాలును ఒక్కసారిగా తీసేయకుండా మలుపు లోపలి దాకా కొద్దికొద్దిగా వదులుతూ వెళితేనే ముక్కు తిరుగుతుంది. బాథర్స్ట్‌లోని మౌంట్ పనోరమా ట్రాక్ ఇందుకు కఠిన పరీక్ష. 6.213 కిలోమీటర్ల ఆ దారి మిగతా రోజుల్లో గంటకు 60 కిలోమీటర్ల పరిమితి ఉన్న మామూలు కొండరోడ్డు, పక్కనే ఇళ్లు కూడా ఉన్నాయి. కొండ దిగి పొడవాటి కాన్‌రాడ్ స్ట్రెయిట్ మీద పూర్తి వేగంతో వచ్చిన డ్రైవరు చివర్లో బ్రేకు కొట్టేటప్పుడు, సాధారణ కార్లలో ఉండే ఏబీఎస్ సాయం ఈ కారులో ఉండదు. పాదం ఒత్తిడి కాస్త ఎక్కువైతే ముందు చక్రం తిరగడం ఆగిపోయి, రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. టైరులో ఆ ఒక్కచోట అరిగి చదునవుతుంది. తర్వాత ప్రతి చుట్టులోనూ స్టీరింగ్ వణుకుతుంది. టైర్లకు లెక్కున్న పోటీలో అది ఒక తప్పుతో పోయేది కాదు, మిగతా వారాంతమంతా వెంటాడుతుంది.

కార్లన్నీ ఒకటే కావడంతో ముందున్నవాణ్ని దాటడం కష్టం, రేసులేమో చిన్నవి. అందువల్ల సీజన్‌ను నిర్ణయించేది చాలావరకు గ్రిడ్ స్థానాలను తేల్చే క్వాలిఫయింగ్‌లో టైర్లు కొత్తగా ఉన్న ఆ రెండు మూడు చుట్లే. పాయింట్ల పట్టిక కంటే గ్రిడ్ స్థానాల పట్టిక చదివితే సీజన్ కథ బాగా అర్థమవుతుందని నా అభిప్రాయం. ఇక్కడే డబ్బు మళ్లీ లోపలికి వస్తుంది. ఇంజిన్ మీద పెట్టలేని ఖర్చును జట్లు మంచి డేటా ఇంజినీరు మీద, అనుమతించిన టెస్టింగ్ రోజుల మీద, సిమ్యులేటర్ గంటల మీద పెడతాయి. కారు సమానమే కానీ సన్నద్ధత సమానం కాదు. దీన్ని మోసం అనలేం. అయితే అభిమానులకు చెప్పే ‘డ్రైవర్ ప్రతిభ ఒక్కటే’ అన్న మాటలో ఈ భాగం కనిపించకుండా పోతుంది.

మరి ఈ బండి నడుస్తున్నది ఎవరి డబ్బుతో? టీవీ కెమెరా అంతగా చూపించని ప్రో-ఆమ్ విభాగంలో నడిపేవాళ్ల డబ్బు లేకపోతే గ్రిడ్ నిండదు. వీరిలో చాలామంది వృత్తిరీత్యా వ్యాపారులు. సరదాగా, సొంత ఖర్చుతో నడుపుతారు. ముందు వరుసలో కుర్రాళ్లు భవిష్యత్తు కోసం పోరాడుతుంటే, వెనక వీళ్లు తమలో తాము అంతే పట్టుదలతో పోరాడతారు. వీళ్ల గురించి తేలిగ్గా మాట్లాడే విమర్శకులున్నారు. వాళ్లు 2009, 2010 సంవత్సరాలను ఒకసారి గుర్తుచేసుకోవాలి. 2008 సీజన్ తర్వాత ఆ రెండేళ్లూ ఆస్ట్రేలియాలో కరేరా కప్ జరగనే లేదు. 2011లోనే తిరిగి వచ్చింది. ప్రపంచమంతటా ఆర్థిక మాంద్యం కమ్ముకున్న రోజులవి. ట్రాక్‌లు మారలేదు, డ్రైవర్ల ప్రతిభ తగ్గలేదు. వ్యాపారం కాపాడే సమానత్వానికి ఆయుష్షు కూడా వ్యాపారం ఉన్నంతవరకే.

విరామానికి ముందు 2008లో గెలిచిన క్రెయిగ్ బెయిర్డే విరామం తర్వాత 2011లోనూ గెలిచాడు. 2014లో జిమ్ రిచర్డ్స్ కొడుకు స్టీవెన్ గెలవడంతో తండ్రీకొడుకులిద్దరి పేర్లూ ఛాంపియన్ల జాబితాలో చేరాయి. అయితే ఈ పోటీ విలువను నిలబెట్టిన పేరు చెప్పమంటే నేను 2016 విజేత మ్యాట్ క్యాంప్‌బెల్‌ను ఎంచుకుంటాను. ఆ టైటిల్ తర్వాత అతణ్ని పోర్షె జూనియర్‌గా, అంటే కంపెనీ తీర్చిదిద్దే యువ డ్రైవర్‌గా యూరప్‌కు పంపి, కరేరా కప్‌లకు పైమెట్టైన సూపర్‌కప్‌లో నడిపించారు. 2019 బాథర్స్ట్ 12 గంటల రేసులో అతను పోర్షెను గెలిపించినప్పుడు, కారు పంచుకున్న ఇద్దరిలో ఒకరు 2017 జర్మనీ కరేరా కప్ ఛాంపియన్ డెన్నిస్ ఓల్సెన్. 2018 ఆస్ట్రేలియా ఛాంపియన్ జాక్సన్ ఎవాన్స్ కూడా జూనియర్ కార్యక్రమం మెట్లెక్కినవాడే. ఒకే కారులో, ఒకే సీలుతో వచ్చిన ఫలితం కాబట్టి ఈ దేశం ఛాంపియన్‌నూ ఆ దేశం ఛాంపియన్‌నూ పక్కపక్కన పెట్టి తూచడం కంపెనీకి తేలిక.

హెడ్జ్ దారి మాత్రం వేరు. 2023లోనే అతను అమెరికా వెళ్లి అక్కడి ఫార్ములా రీజనల్ టైటిల్ కూడా గెలిచాడు. ఒకే ఏడాది పైకప్పు ఉన్న బరువైన 911లోనూ, పైకప్పు లేని తేలికపాటి సింగిల్ సీటర్‌లోనూ ఛాంపియన్ కావడం అరుదైన సంగతే. మరుసటి ఏడాది అతను పోర్షె వైపు కాకుండా, అమెరికాలో ఇండీకార్ పోటీకి కింది మెట్టైన ఇండీ నెక్స్ట్‌లో చేరాడు. అక్కడ కూడా గ్రిడ్ మీద ఉన్నవన్నీ డల్లారా కంపెనీ తయారుచేసిన ఒకే రకం కార్లు.