నవంబరులోనే నుయ్యి కొలవాలి

ఏడాదికి సగటున వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మార్చి దాటితే చాలు, మెరక ఊళ్లలో చేతిపంపులు గాలి కక్కుతాయి. నాగావళి, వంశధార, చంపావతి పారే నేల మీద ఆడవాళ్లు బిందెలతో ట్యాంకరు కోసం ఎదురుచూస్తారు. దీన్ని వానల మీదకు నెట్టేయడం తగదు. మన నేల ఎంత నీరు దాచుకోగలదో చూసుకోకుండానే రబీ విత్తుతున్నాం. అసలు లోపం అది.

కనుమల పాదాల నుంచి తీరం దాకా మన కాళ్ల కింద ఉన్నవి ఎక్కువగా ఖోండలైట్, చార్నోకైట్, గ్రానైట్ నైస్ రాళ్లు. రాతిలో నీరుండదు. పైన చివికిన పొరలోనూ, కింది పగుళ్లలోనూ ఉంటుంది. ఖోండలైట్ లోతుగా చివుకుతుంది గానీ బంకమట్టిగా మారిపోతుంది. నీరు పట్టి ఉంచుకుని, తోడబోతే వదలదు. చార్నోకైట్ మీద చివికిన పొరే పలచన. ఇలాంటి నేలలో నీటిమట్టం మీటరు దిగిందంటే మనం వాడుకున్నది ఆ మీటరు మందంలో 1 నుంచి 3 శాతం నీరే. 2 శాతం అనుకుంటే 20 మిల్లీమీటర్లు. తుపాను వానకు నుయ్యి అమాంతం లేచేదీ, మొక్కజొన్నకు నాలుగు తడులిచ్చేసరికి అడుగంటేదీ అందుకే.

అధికారిక లెక్కలో ఏటా ఇంకే నీటిలో 70 శాతానికి మించి తోడకపోతే ఆ ప్రాంతం ‘సురక్షితం’. మన మండలాలు ఎక్కువగా ఆ గడిలోనే కనిపిస్తాయి. అయితే అది సగటు. వంశధార కాలువ కింద ఏడాదంతా తడిసే ఊరినీ, అదే మండలంలో కొండవార మెరక మీదున్న ఊరినీ కలిపి తీసిన సగటు. రెండో ఊరి మహిళకు ఆ సగటుతో బిందె నిండదు. కాబట్టి లెక్క ఊరి స్థాయిలో జరగాలి. వానలు వెనక్కి తగ్గాక, రబీ విత్తనం కొనకముందు జరగాలి. అంటే నవంబరు నడిమికల్లా.

కొలవడం కష్టమేమీ కాదు. చెరువు కింద ఒకటి, మెరక మీద ఒకటి, గెడ్డ (వాగు) పక్కన ఒకటి, తాగునీటి బోరు ఒకటి, ఇలా ఊరికి ఐదారు చోట్లు ఎంచుకోవాలి. ముందురోజు సాయంత్రమే మోటారు ఆపాలి, పక్క పొలంలోది కూడా. తెల్లవారాక స్టీలు టేపు చివర గుండు కట్టి, కింది రెండు మీటర్లకు సుద్ద పూసి వదలాలి. పైన పట్టుకున్న అంకెలోంచి సుద్ద తడిసిన మేర తీసేసి, ఆపై బోరు పైపు (కేసింగ్) లేదా నూతి గోడ నేల మీద ఎంత ఎత్తుందో అదీ తీసేస్తే మిగిలేదే నీటిమట్టం. మోటారు ఆపిన గంటకే కొలిస్తే అంకె తప్పుతుంది. మట్టం ఇంకా కోలుకోదు. ఒకసారి ఒక అంచు నుంచి, మరోసారి ఇంకో అంచు నుంచి కొలిచినా తప్పే. అందుకని గోడ మీద పెయింటుతో గుర్తు పెట్టాలి. నడుస్తున్న బోరులో టేపు కేబులుకు చుట్టుకుంటుంది. మోటారు దించేటప్పుడే పక్కన ముప్పావు అంగుళం పైపు దించి ఉంచితే ఆ ఇబ్బంది ఉండదు.

మే నెల అంకెకూ నవంబరు అంకెకూ తేడాయే ఊరి పెట్టుబడి. ఉదాహరణకు 400 హెక్టార్ల ఊళ్లో మట్టం 5 మీటర్లు పెరిగిందనుకుందాం. 2 శాతం చొప్పున 40 కోట్ల లీటర్లు. అందులో కొంత మనం తోడకపోయినా గెడ్డల్లోకి జారిపోతుంది. రెండు వేల జనాభాకు మనిషికి రోజుకు 55 లీటర్ల వంతున ఏడు నెలలకు రెండున్నర కోట్ల లీటర్ల లోపే. మనుషులకూ పశువులకూ తీసిపెట్టాక పంటకు 20 కోట్లు మిగిలాయనుకోండి. 1,200 మిల్లీమీటర్లు తాగే రబీ వరి 40 ఎకరాలకు మించి పండదు. 550 మిల్లీమీటర్ల మొక్కజొన్నయితే 90 ఎకరాలు. వరి కోసిన పదునులో చల్లే మినుము, పెసరకు మోటారు పనే పెద్దగా ఉండదు. మనకంటే ఎంతో తక్కువ వాన పడే అనంతపురం, ప్రకాశం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో రైతులే ఇలా కొలిచి, నీటి బడ్జెట్ వేసుకున్న అనుభవం రెండు దశాబ్దాల నాటిది. వాన బాగా పడుతుందన్న ధీమాతోనే మనం ఆ పని చేయలేదు.

ఇసుక సంగతి మరీ తీవ్రమైనది. ఏటి ఇసుకలో తోడుకోగలిగిన నీరు దాదాపు 20 శాతం. ఒక హెక్టారు మేర మీటరు ఇసుక తవ్వేస్తే 20 లక్షల లీటర్లు దాచే గిడ్డంగి పోయినట్టే. అడుగు దిగిన ఏరు చుట్టుపక్కల నూతుల్లో నీటిని కూడా తనవైపు లాగేస్తుంది. మన పట్టణాలు తాగేది ఏటి ఇసుకలో దించిన ఊటబావుల నీరే. ఆ బావులకు ఎగువన, దిగువన తవ్వకాలను పూర్తిగా ఆపాలని మేము కోరుతున్నాం. రాత్రిపూట లారీలు తిరగకుండా చూడటం జిల్లా యంత్రాంగం బాధ్యత.

తీరం వెంబడి మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంటుంది. సముద్రమట్టానికి పైన మంచినీరు మీటరు తగ్గితే, కింద ఉప్పునీరు సుమారు 40 మీటర్లు పైకొచ్చే వీలుంటుంది. కనుక అక్కడ బోరు లోతు పెంచడం తెలివైన పని కాదు. శ్రీకాకుళం జిల్లా తీరాన ఉన్న ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం ఫలానా అని శాస్త్రం ఇంకా తేల్చలేదు. హిరమండలం జలాశయం నుంచి తాగునీరిచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. పైపు వచ్చింది కదా అని అక్కడి నూతుల పరీక్షలు మానేయకూడదు. పైపు పగిలిన రోజున జనం మళ్లీ వెళ్లేది వాటి దగ్గరికే.

నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బోరు వేయకూడదు. ప్రతి తాగునీటి బోరు చుట్టూ ఆ దూరంలో ఉన్న సాగు బోర్ల జాబితా తయారుచేసి సచివాలయం గోడకు అంటించాలి. మట్టం అంకెలతో పాటు దాన్ని నవంబరు గ్రామసభలో చదివి వినిపించాలి. కొత్త బోరు దరఖాస్తు ఏదైనా ఆ రెండూ చూశాకే తీసుకోవాలి.