నిజాంకు ఖర్చు, మనకు ఉచితం

ఒకప్పుడు ఆపరేషన్లకు మత్తిచ్చిన క్లోరోఫామ్ విషయంలో హైదరాబాద్‌కి ఉన్న ఘనతను మనం సరిగా చాటుకోలేదని నా బాధ. 1888లో ఒకటి, 1889లో ఒకటి, ఏకంగా రెండు క్లోరోఫామ్ కమిషన్లు కూర్చున్న ఊరిది. బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖజానా తెరిచాడు. మత్తు మోతాదు మించితే ముందు ఆగేది గుండెనా, ఊపిరా అని తేల్చడానికి బోలెడన్ని కుక్కలు, కోతులు ప్రాణాలిచ్చాయి. ఊపిరేనని తీర్పు. కుక్కలు ఏమనుకున్నాయో ఎవరూ రాసుకోలేదు.

ఇప్పుడంత ఖర్చెందుకు? నీళ్లలో కుళ్లిన ఆకో, నాచో ఉండి, పైన క్లోరిన్ పడితే చాలు, క్లోరోఫామ్ దానంతటదే పుడుతుంది. తోబుట్టువులతో కలిపి దాని ఇంటిపేరు ట్రైహాలోమీథేన్లు. ఈ గుట్టును 1974లో రాటర్‌డామ్‌లో రసాయన శాస్త్రవేత్త యోహానెస్ రూక్ బయటపెట్టాడు. అమెరికా ఆ కుటుంబం మొత్తానికీ కలిపి లీటరుకు 80 మైక్రోగ్రాములు చాలంది. మన ప్రమాణాలది పెద్ద మనసు, ఒక్క క్లోరోఫామ్‌కే 200 దాకా చోటిచ్చాయి.

పైగా వేడినీళ్ల స్నానంలో ఆవిరితో పాటు పీల్చే సౌకర్యం కూడా ఉంది. పాపం లారీ గారి కాలంలో గుడ్డ మీద చల్లి ముక్కు దగ్గర పట్టడానికి ఓ మనిషి కావాల్సొచ్చేది.

ఏళ్ల తరబడి ఇవి ఎక్కువున్న నీళ్లు తాగినవాళ్లలో మూత్రాశయ క్యాన్సర్ కాస్త ఎక్కువగా కనబడుతోందని అధ్యయనాలు చెబుతున్నాయి. అది విని మా పక్కింటాయన క్లోరినే వద్దని ఉద్యమం మొదలెట్టాడు. ఆయనకు నా విన్నపం ఒక్కటే: క్యాన్సర్ పాతికేళ్లు ఆగుతుందేమో, కలరాకి అంత ఓపిక లేదు, గంటల్లో పని ముగిస్తుంది.

అసలు గొడవ క్లోరిన్‌తో కాదు, దానికి తినడానికి మనం పెడుతున్న మురికితో. ముందు నీళ్లు తేర్చి, వడకట్టి, ఆ తర్వాత కొలిచి క్లోరిన్ వేస్తే ఈ కుటుంబం ఇంతగా పెరగదు. మా అపార్ట్‌మెంట్ పద్ధతి వేరు. నీళ్లు వాసనొస్తే ఇంకో గుప్పెడు బ్లీచింగ్. కూరలో పురుగు కనబడితే ఇంకో చెంచా కారం వేసినట్టు.

మొన్న ఉండబట్టలేక వాచ్‌మన్‌ని అడిగాను, "ట్యాంకు కడిగి ఎన్నాళ్లయింది?"

వింతగా చూశాడు. "కడిగేటట్టయితే బ్లీచింగ్ ఎందుకు సార్?"